సిస్టర్ గారి వరండాలో జర్మన్

మొన్నామధ్య బాన్సువాడ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నర్సింగ్ చదివిన పిల్లలకు జర్మన్ నేర్పే కోచింగ్ సెంటర్ ఒకటి బస్టాండు దగ్గర, మొబైల్ షాపు పైన కొత్తగా పెట్టారట. "మేడం, మీరు మా ఊరోళ్ళే అని తెల్సింది. ఒక్కసారి వచ్చి జర్మన్ నేర్చుకుంటె ఏమేం లాభాలున్నయో మా పిల్లలకు చెప్పుండ్రి" అంది. మా ఊరోళ్ళే అన్నందుకే సగం ఒప్పేసుకున్నాను. వయసు మీద పడ్డాక ప్రయాణమంటే మోకాళ్ళు ముందు వద్దంటాయి. అయినా వెళ్ళాను. జీవితమంతా హైదరాబాదులో జర్మన్ పాఠాలు చెప్పి, అనువాదాలు చేసి బతికినదాన్ని. ఆ భాష నాకు దొరికిన ఊళ్ళో దాని గురించి మాట్లాడమంటే కాదంటానా?

మెట్లెక్కగానే గోడకు పెద్ద ఫ్లెక్సీ. ఉద్యోగం, జీతం, వీసా, ఇంకా ఏవేవో లాభాలు రంగురంగుల్లో రాసి ఉన్నాయి. అందులో అబద్ధమేమీ లేదు. ఉద్యోగం కోసం భాష నేర్చుకోవడం చిన్నతనమని పెదవి విరిచే పండితులంటే నాకు మొదటి నుంచీ పడదు. తండాల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు బెంచీల మీద ఒద్దికగా కూర్చున్నారు. మహమ్మద్ నగర్ నుంచి వచ్చిన పిల్ల వాళ్ళమ్మ కూలికి పోతుందని మామూలుగా చెప్పింది. నేను మాట్లాడటానికి లేచేసరికి ముందు బెంచీలో ఎవరో సీసా తీసి చేతులకు శానిటైజర్ రాసుకున్నారు. ఆ స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే నేను తయారుచేసుకుని వెళ్ళిన ఉపన్యాసం ఎగిరిపోయింది. నాకు మా నాన్న ముందుగది కనిపించింది.

మా నాన్న హోమియోపతి డాక్టరు. మా తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలవ నీళ్ళను నమ్ముకుని వర్ని దగ్గర పొలాలు చేసుకున్న కుటుంబం మాది. అన్నదమ్ములందరిలో ఈయనకే పొలం కన్నా పుస్తకం మీద యావ ఎక్కువ. ఎక్కడో చదివి డిప్లొమా తెచ్చుకుని, బాన్సువాడలో ఒక కిరాయి ఇల్లు తీసుకుని, దాని ముందుగదిలో బల్ల వేశారు. గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా బిరడాలు పెట్టిన చిన్న సీసాలు. తెల్లటి పంచదార గోళీల మీద స్పిరిట్ చుక్కలు వేసి, సీసాను అరచేతిలో తట్టి, కాగితం పొట్లం కట్టి ఇచ్చేవారు. ఆ గోళీలు నేను దొంగతనంగా తిన్నన్ని ఆ ఊళ్ళో రోగులెవరూ తిని ఉండరు.

ఘాటైన వాసన తగిలితే మందు చచ్చిపోతుందని నాన్న నమ్మకం. అందుకని మా ఇంట్లో ఇంగువకు ప్రవేశం లేదు. కర్పూరం లేదు, కాఫీ, టీ అసలే లేవు. ఇంగువ లేని చారు అమ్మకు చారే కాదు. పెరట్లో వేరే పొయ్యి పెట్టించుకుని, చెంగు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూసి మరీ పోపు వేసేది. దేవుడికి హారతి కూడా పెరట్లోనే, తులసికోట దగ్గర. "మీ నాన్న మందులు దేవుడికన్నా సున్నితం" అని విసుక్కునేది. సాయంత్రం పూట వీధిలో అన్ని ఇళ్ళ నుంచీ తాలింపు వాసన వస్తుంటే మా ఇంట్లోంచి మాత్రం స్పిరిట్ వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ దవాఖానలో అడుగుపెట్టినా నాకు పుట్టింటికి వెళ్ళినట్టే ఉంటుంది.

నాన్న మంచి డాక్టరు. ఓపికగా అన్నీ అడిగేవారు. నొప్పి ఉందంటే చాలదు, అది పొడుస్తోందా, మండుతోందా, పొద్దున ఎక్కువా, పడుకుంటే ఎక్కువా అని తరచి తరచి అడిగి గానీ సీసా ముట్టుకునేవారు కాదు. చిక్కల్లా ఒకటే. ఆయనకు భాష మీద మహా పట్టింపు. ఎవరు ఏ మాట తప్పుగా అన్నారనిపించినా దిద్దకుండా ఉండలేరు. ఆయన దృష్టిలో ఈ ప్రాంతపు తెలుగంతా దిద్దవలసినదే.

"నెత్తి నొస్తుంది సారు."

"నెత్తి కాదు, తల. తల నొప్పిగా ఉంది అనాలి. అను."

జ్వరంతో వణుకుతున్న మనిషి పాపం తల నొప్పిగా ఉందని బళ్ళో పిల్లాడిలా అప్పజెప్పేవాడు. వీధిలో తెలంగాణ మాటా, ఇంట్లో నాన్న మాటా మాట్లాడుతూ పెరిగిన నాకు అది చూస్తే నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. అమ్మ వంటింట్లోంచే "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని వినపడేట్టు గొణిగేది. నాన్న వినిపించుకోరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఒకరోజు సోనిబాయి వచ్చింది. నిజాంసాగర్ వైపు తండా ఆవిడది. నాట్ల కాలంలో తండా ఆడవాళ్ళందరినీ కూడగట్టుకుని వర్ని పొలాలకు తీసుకెళ్ళేది. మా పెదనాన్న పొలంలో నాట్లూ ఆవిడ ముఠావే. ఆవిడ మాటంటే తండాకు మాటే. కడుపులో నొప్పి అని తెలుగులో మొదలుపెట్టి, ఎలాంటి నొప్పి అని నాన్న అడిగేసరికి ఆగింది. చేత్తో పొట్ట మీద చూపిస్తూ తమ లంబాడీలో ఏదో అంది. నాన్న కలం కింద పెట్టారు.

"తెలుగులో చెప్పు. రాకపోతే తెలుగు వచ్చినవాళ్ళనెవరినైనా తోడు తెచ్చుకో."

సోనిబాయి "నొప్పి నాది సారు. తోడొచ్చినోళ్ళకేం ఎరుక?" అని లేచి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే తండా అంతా పోయింది. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళూ ఒక్కరొక్కరే తగ్గారు. అవి ప్రత్యేక రాష్ట్రం గొడవలు నడిచిన రోజులు. ఆంధ్ర డాక్టరని మమ్మల్ని వెలివేశారని నాన్న నొచ్చుకునేవారు. అమ్మ ఒప్పుకోలేదు. "వీధి చివర కిరాణా కొట్టాయనా మనవాడే కదా. ఆయన కొట్టు ముందు జనం తగ్గలేదే" అంది.

పెదనాన్న వర్ని నుంచి వచ్చి తేల్చి చెప్పారు. వచ్చే నాట్ల దాకా చూడు, రోగులు రాకపోతే సామాను సర్దుకుని వచ్చెయ్, పొలం పంచుకుందాం అన్నారు. నాన్నకది ఓటమి. నాకది అంతకన్నా ఎక్కువ. పెదనాన్నగారి ఊళ్ళో చిన్న బడి తప్ప హైస్కూలు లేదు. ఆడపిల్లను పక్క ఊరికి పంపి చదివించే అలవాటు మా ఇంటావంటా లేదు. మేము బాన్సువాడ వదిలితే నా చదువు అక్కడితో సరి.

రోగులు లేని ఆ ఖాళీలోనే నాన్నకు జర్మన్ పిచ్చి పట్టింది. హోమియోపతి పుట్టింది జర్మనీలో కదా. దాని మూలగ్రంథానికి రెండు ఇంగ్లీషు అనువాదాలు ఆయన దగ్గరున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన కుదరని చోట్లు ఎర్ర సిరాతో గీసుకుని మథనపడేవారు. "పాలు ఎవరి దగ్గర కొన్నా ఇన్ని నీళ్ళు కలుస్తాయి. గేదె దగ్గరికే పోవాలి" అని, హైదరాబాదులో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి, అట్ట ఊడిన జర్మన్ ప్రతి సంపాదించారు. పుస్తకం దొరికింది, చదివి చెప్పేవాళ్ళేరి?

ఊరి చివర క్రైస్తవ మిషన్ వాళ్ళ చిన్న దవాఖాన ఉండేది. అక్కడి సిస్టర్ లూసీ కేరళ మనిషి. చిన్న వయసులోనే జర్మనీ వెళ్ళి అక్కడి ఆసుపత్రిలో కొన్నేళ్ళు నర్సుగా చేసి వచ్చింది. ఆవిడది ఇంగ్లీషు వైద్యం. ఆవిడ గుమ్మం ముందు ఎప్పుడూ రోగుల బారు ఉండేది. ఆ బారు చూడలేక నాన్న ఆ వీధిలో నడవడమే మానేశారు. అలాంటి మనిషి ఒకనాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, ఆవిడ గేటు దగ్గర నిలబడ్డారు. నేర్చుకోవాలన్న ఆకలి ఆయన అహంకారం కన్నా పెద్దదని ఆ రోజు తెలిసింది. నాకు ఆయన మీద మొదటిసారి గర్వం కలిగింది అప్పుడే.

సిస్టర్ ఒప్పుకుంది. "ఒకటి మాత్రం, డాక్టర్ గారు. పాఠానికి మీ అమ్మాయి కూడా రావాలి" అంది. మగమనిషి ఒంటరిగా వచ్చి సిస్టర్లుండే మఠం వరండాలో రోజూ కూర్చుంటే ఊరు ఊరుకోదు కదా. కాబట్టి నేను జర్మన్ నేర్చుకోవడం వెనక నా తెలివితేటలేమీ లేవు. మర్యాద కోసం పక్కన కూర్చోబెట్టిన పిల్లను, చెవులు మూసుకోలేదు, అంతే.

మొదటి రోజు నాన్న భక్తిగా పుస్తకం తెరిచారు. సిస్టర్ దాన్ని మూసి కిటికీలో పెట్టింది. "వో టూట్ ఎస్ వే?" అంది. ఎక్కడ నొప్పి అని దానర్థం. జర్మనీలో తాను నేర్చుకున్న మొదటి ముక్క అదేనట, మాకూ అదే మొదటి పాఠం. నాన్న రోగి, నేను నర్సు. నేను అడగాలి, ఆయన చెప్పాలి. తల, మెడ, కడుపు, మోకాలు. నాకు చప్పున వచ్చేసేవి. నాన్నకు నోరు తిరిగేది కాదు. గొంతులోంచి తీయాల్సిన శబ్దాలు ఆయన పళ్ళ దగ్గర చిక్కుకునేవి. దారిన పోయే రోగులు గేటు దగ్గర ఆగి, డాక్టరు గారు పాఠం అప్పజెప్పడం చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేను వాళ్ళకన్నా ఎక్కువ నవ్వేదాన్ని.

ఒక సాయంత్రం నాన్న దవడ పట్టుకుని వచ్చారు. పన్ను నొప్పి, నిజమైన నొప్పి. పాఠం వద్దంటారనుకుంటే సిస్టర్ వదల్లేదు. ఎలాంటి నొప్పో జర్మన్‌లో చెప్పమంది. నాన్న దగ్గర ఉన్నవి నాలుగు మాటలు. ఒకటి అన్నారు, అది కాదని తల ఊపారు, ఇంకోటి అన్నారు. చేత్తో గాలిలో ఏదో మెలితిప్పి చూపించారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికో, చెప్పలేకపోయినందుకో. సిస్టర్ తప్పు దిద్దలేదు, తొందరపెట్టలేదు. ఆయన వాడిన మాటనే మెల్లగా మళ్ళీ అని, తర్వాతేమిటన్నట్టు ఎదురుచూసింది. చాలాసేపటికి ఆయన ఏదో చెప్పగలిగారు. అందులో వ్యాకరణం లేదు గానీ నొప్పి ఉంది.

"నేను అక్కడికి పోయిన మొదటి చలికాలంలో ఇలాగే ఉన్నాను" అంది సిస్టర్. "నా వార్డులో ఒక ముసలాయన ఉండేవారు. అందరూ నా తప్పులు దిద్దేవారు. ఆయన మాత్రం నా మాట అయ్యేదాకా ఆగేవారు. నాకు భాష ఆయన వల్ల వచ్చింది."

ఆ రాత్రి నాన్న అన్నం దగ్గర కూర్చుని అమ్మనడిగారు, "నేను రోగులతో కటువుగా ఉంటానా?"

"ఇన్నాళ్ళకు అడిగారు" అంది అమ్మ, మజ్జిగ పోస్తూ.

ఆ తర్వాత కొన్ని నెలలకు సిస్టర్ కిటికీలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. రోగి చెప్పింది రోగి మాటల్లోనే రాసుకోవాలన్నది హోమియోపతిలో మొదటి పాఠం. ఇంగ్లీషులో నాన్నకది కంఠతా వచ్చు. జర్మన్‌లో మాత్రం దాన్ని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, నా చేత నిఘంటువు తిప్పిస్తూ సాయంత్రమంతా చదివారు. మామూలుగా అయితే ఒక్క చూపులో దాటిపోయే వాక్యమది. పరాయి భాషలో అలా దాటిపోవడానికి లేదు, ప్రతి మాట దగ్గరా ఆగి దాని మొహం చూడాలి. చదవడం అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. సిస్టర్ లోపలికి వెళ్ళి మాకు టీ పట్టుకొచ్చింది. నాన్న కాదనకుండా తాగారు.

ఆ వారం సంతలో సోనిబాయి కనిపించింది, మిరపకాయలు బేరమాడుతూ. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. నాన్న నన్ను వెంటబెట్టుకుని తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, మీ భాష నాకు నేర్పుతావా?"

సోనిబాయి బేరం ఆపింది. "ఎందుకు సారు? తోడు దొర్కలేదా?"

"నొప్పి నీది కదా. నీ మాటలోనే వినాలి."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు మాట్లాడితె మా పోరగాళ్ళు నవ్వుతరు డాక్టర్ సాబ్. అందరి ముంగట నవ్వుతరు."

"నవ్వనీ. సిస్టర్ గారి దగ్గర నా కూతురే నవ్వుతుంది" అన్నారు నాన్న. ఆవిడ నా వైపు చూస్తే నేను అవునని తల ఊపాను. అప్పుడు సోనిబాయికి కూడా నవ్వొచ్చింది.

అలా ఆదివారాలు తండాకు వెళ్ళడం మొదలైంది. వేపచెట్టు కింద నులక మంచం వాల్చి కూర్చోబెట్టేవాళ్ళు. నాన్న వచ్చీరాని లంబాడీలో ఒక మాట అనగానే చుట్టూ చేరిన పిల్లలు గొల్లున నవ్వి ముక్తకంఠంతో దిద్దేవాళ్ళు. ఊరందరినీ దిద్దిన మనిషిని దిద్దడమంటే వాళ్ళకు జాతర. ఆయన చిన్నబుచ్చుకోలేదు. తప్పుగా పలికి, నలుగురిలో నవ్వించుకుని, మళ్ళీ పలకడం ఆయనకు అప్పటికే సిస్టర్ వరండాలో బాగా అలవాటైపోయింది. అక్కడ పాఠం నేర్చుకోకపోతే ఇక్కడ ఆయన మొదటి ఆదివారమే లేచి వచ్చేసేవారు. సోనిబాయి తన కడుపునొప్పి తన మాటల్లో చెప్పింది. సగమే అర్థమైందని నాన్న నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆవిడ మళ్ళీ చెప్పింది.

ముందుగదిలో ఇప్పుడు నెత్తి నొస్తుందంటే నాన్న నెత్తి నొస్తుందనే రాసుకునేవారు. జ్వరంతో ఒళ్ళు వేడెక్కినవాళ్ళు పెయ్యి కాలుతుందంటే పెయ్యి కాలుతుందనే. మెల్లగా మనుషులు రాసాగారు. సగంమంది మందుకు, సగంమంది డాక్టర్ను దిద్దడానికి వచ్చేవారని అమ్మ ఎగతాళి. కానీ ఇల్లు గడవడానికి ఆ మెల్లదనం చాలలేదు, నాట్ల కాలం వచ్చేసింది.

కోచింగ్ సెంటర్లో పిల్లలకు ఇదంతా చెప్పాను. అప్పుడు మేము ఒక్క పుస్తకం కోసం ఊళ్ళు గాలించాం. ఇప్పుడు వాళ్ళ ఫోన్లో జర్మన్ మాట్లాడే మనుషులే ఉన్నారు. మాకు ఒక సిస్టర్ ఉంటే వాళ్ళకు ఎందరో. వాళ్ళు మాకన్నా త్వరగా నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, బజారులో ఉర్దూ, చుట్టాలింట్లో మరాఠీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు ఇంకో భాష ఏపాటి? జర్మనీలో ముసలివాళ్ళ మంచాల పక్కన నిలబడి, ఎక్కడ నొప్పి అని అడిగేది రేపు వాళ్ళే కదా. ఈ ఊరి పిల్లలు ఆ పని చేయబోతున్నారంటే నాకు గుండె నిండింది. ఆ మాట దాచుకోకుండా వాళ్ళకే చెప్పాను. "లాభాలు చెప్తరనుకుంటె మీ నాయిన ముచ్చట చెప్తుండ్రు మేడం" అంది మహమ్మద్ నగర్ పిల్ల. ఇంకొక్క ముచ్చట ఉంది, అది వింటే లాభమేంటో తెలుస్తుందన్నాను.

పెదనాన్న ట్రాక్టరు తెచ్చి మా గుమ్మం ముందు పెట్టిన రోజు సంగతి అది. అమ్మ సామాను కట్టేసింది. నాన్న సీసాలను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దుతున్నారు, ఎవరి మొహమూ చూడకుండా. నేను నా బడి సంచీ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆ రోజు నేను ఏడవలేదు గానీ ఎవరైనా పలకరిస్తే ఏడ్చేదాన్ని. అప్పుడు సోనిబాయి వచ్చింది, నాట్లకు పోయే ఆడవాళ్ళందరితో కలిసి. వర్ని వెళ్ళాల్సిన ముఠా మా వీధిలో ఉండటం చూసి పెదనాన్న కంగారుపడ్డారు.

"ఇక్కడేం చేస్తున్నారు? పొలంలో నారు సిద్ధంగా ఉంది."

"వస్తం దొరా. మీ నాట్లు ఆగయి" అంది సోనిబాయి. ట్రాక్టరు మీదున్న పెట్టె వైపు చూసింది. "డాక్టర్ను ఎటు తోల్కపోతుండ్రు?"

"రోగులు లేనిచోట డాక్టరుతో మీకేం పనమ్మా? పోనివ్వండి."

సోనిబాయి చెయ్యి చాచి పైనున్న పెట్టెను దింపి, తెచ్చి అరుగు మీద నా పక్కన పెట్టింది. తర్వాత పెదనాన్నతో, చాలా మామూలుగా, బడి పంతులమ్మ పిల్లాడి తండ్రితో చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడిప్పుడే మాటొస్తుంది ఆయనకు. గింత సగంల ఎట్ల పంపుతం?"

నాట్లకు ఆ ముఠానే నమ్ముకున్న పెదనాన్న ట్రాక్టరును ఖాళీగా వర్ని తోలుకెళ్ళారు. నాన్న ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, పోయేదాకా, ప్రతి ఆదివారం తండాకు వెళ్తూనే ఉన్నారు. పాఠం ఇంకా అయిపోలేదనే సోనిబాయి చెబుతూ వచ్చింది. తండా మళ్ళీ మందుకు మా ముందుగదికే రావడంతో ఇల్లు గడిచింది, నా చదువూ సాగింది. మేము బాన్సువాడలోనే ఉండిపోయాం.